'నేనే చేశాను' అనగలిగే నేను

(ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో రెండింటిని ఉంచాం.)

అందరికీ నమస్కారం.

నా ప్రసంగానికి 'ఆత్మ భావన, నైతిక విద్య' అని పేరు వేశారు. ఆ పేరు చూసి వేదాంతం వినొచ్చని కొందరు ముందు వరసల్లో కూర్చున్నట్టున్నారు. అదే భయంతో కొందరు తలుపు దగ్గర కుర్చీలు చూసుకున్నట్టున్నారు. ఇరుపక్షాలకూ పనికొచ్చే దొంగ కథ ఒకటి ఉంది. దానితో మొదలుపెడతాను.

క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో భారతదేశపు వాయవ్య ప్రాంతాన్ని మినాండర్ అనే యవన రాజు ఏలాడు. పాలీ గ్రంథం 'మిలింద పన్హ'లో ఆయనే మిలిందుడు. నాగసేనుడనే బౌద్ధ భిక్షువుతో ఆయన చేసిన వాదోపవాదాలన్నీ అందులో ఉన్నాయి. మనం 'నేను' అనుకునే స్థిరమైన వస్తువేదీ లేదంటాడు నాగసేనుడు. శరీరం, అనుభూతి, గుర్తింపు, సంస్కారాలు, ఎరుక, ఇవన్నీ కలిసి సాగుతుంటాయి. వాడుకలో సౌకర్యం కోసం ఆ సాగేదానికి ఒక పేరు పెట్టుకున్నాం, అంతే. రాజు తెలివైనవాడు, వెంటనే పట్టుకున్నాడు. 'మరి ఈ జన్మలో చేసినవాడే మరుజన్మలో పుట్టకపోతే, పాపం చేసినవాడు తప్పించుకున్నట్టేగా?' అన్నాడు.

దానికి నాగసేనుడు ఈ దొంగను పట్టుకొచ్చాడు. ఒకడు పరాయివాడి చెట్టు మామిడిపళ్లు దొంగిలించాడు. తోట యజమాని వాణ్ణి రాజు ముందు నిలబెట్టాడు. దొంగ ఏమాత్రం తొణక్కుండా, 'ప్రభూ, ఈయన నాటిన మామిడి వేరు, నేను కోసుకున్న మామిడి వేరు. ఈయన వస్తువు నేనేదీ ముట్టుకోలేదు' అన్నాడు. ఏం చేస్తారు మహారాజా? శిక్షిస్తానన్నాడు రాజు. వాడేమన్నా సరే, మొదటి మామిడి లేకుండా ఈ మామిడి రాలేదు కదా! చేసినవాడూ అనుభవించేవాడూ కూడా అలాగే అన్నాడు నాగసేనుడు.

ఈ దొంగ వాదం మనకు కొత్తేమీ కాదు. 'అప్పుడు కోపంలో ఉన్నాను, అది నేను కాదు' అనే పెద్దమనిషి, 'అది పోయినేడాది సంగతి సార్' అనే విద్యార్థి చెప్పేది అదే. నాగసేనుడు ఆత్మను తీసేశాడు గాని లెక్క కొట్టెయ్యలేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదానికి మొదలు అక్కడుంది.

దీని పక్కనే కఠోపనిషత్తును పెట్టి చూడండి. అక్కడ ఆత్మ రథికుడు. శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. వివేకం లేనివాడి ఇంద్రియాలు సారథి మాట వినని పొగరుబోతు గుర్రాల్లా ఉంటాయంటుంది ఉపనిషత్తు. నాగసేనుడూ రథమే తెచ్చాడు, కానీ దాన్ని ముక్కలుగా విప్పాడు. ఇరుసు రథమా? కాదు. చక్రాలా? కాదు. కాడి? అదీ కాదు. మరి రథమేది? ఒక రథంలో ఎక్కి కూర్చున్నవాడున్నాడు, రెండో దాంట్లో ఎవరూ లేరు. ఈ రెంటి మధ్య వాదం రెండువేల ఏళ్లకు పైగా సాగింది. ఎవరు గెలిచారో తేల్చే సాహసం నేను చెయ్యను. ఒక్కటి మాత్రం చూడండి. రథికుడున్నాడన్నవారూ, లేడన్నవారూ ఇద్దరూ నడవడికి కఠినమైన శిక్షణ ఇచ్చారు. 'ఆత్మ అంటే ఏమిటో తేలాక నీతి నేర్పుదాం' అని ఎవరూ బడి మూసుకుని కూర్చోలేదు.

ఇక పడమటికి వెళ్దాం. ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ తన ప్రసిద్ధ తత్వగ్రంథానికి 1694లో రెండో ముద్రణ వేస్తూ ఒక అధ్యాయం కలిపాడు. నిన్నటి నేనూ ఇవాళ్టి నేనూ ఒకటేనని దేన్నిబట్టి అంటున్నాం? శరీరాన్నిబట్టి కాదు, అది మారిపోతుంది. ఆత్మ అనే పదార్థాన్నిబట్టీ కాదు, దాన్ని ఎవరూ చూడలేదు. నా ఎరుక వెనక్కి ఎంతదూరం పోగలదో అంతవరకూ నేనే. దీన్ని జ్ఞాపకాల సిద్ధాంతం అని పాఠ్యపుస్తకాల్లో రాసేస్తారు, పిల్లలు పరీక్షలో అదే రాస్తారు. అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది. 'వ్యక్తి' అన్నది న్యాయవిచారణకు చెందిన మాట అంటాడు లాక్. చేసిన పనుల్నీ, వాటి మంచిచెడ్డల్నీ ఒకరి ఖాతాలో వెయ్యడం కోసం ఉన్న మాట. చేసినదాన్ని 'నాది' అని సొంతం చేసుకుంటూ పోవడం వల్లే వ్యక్తి వర్తమానం దాటి గతంలోకి విస్తరిస్తాడు.

నా దృష్టిలో లాక్ కనిపెట్టింది ఇదే. జ్ఞాపకం సంగతిలో ఆయన నిలవలేదు. 1785లో థామస్ రీడ్ ఒక సైనికాధికారి ఉదాహరణతో ఆయన్ని ఇరికించాడు. ఆ అధికారి చిన్నప్పుడు తోటలో పళ్లు దొంగిలించి దెబ్బలు తిన్నాడు. ఏమిటో, ఈ తత్వవేత్తలకు తోట దొంగలంటే అంత ఇష్టం! పడుచువాడై, మొదటి యుద్ధంలో శత్రువు జెండా గెలిచాడు. ముసలివాడై సేనాపతి అయ్యాడు. జెండా గెలిచినప్పుడు దెబ్బలు గుర్తున్నాయి. సేనాపతి అయ్యాక జెండా గుర్తుంది, దెబ్బలు మరిచిపోయాడు. లాక్ లెక్కన సేనాపతి ఆ పడుచువాడే, పడుచువాడు ఆ పిల్లవాడే, సేనాపతి మాత్రం ఆ పిల్లవాడు కాడు. ఇదెక్కడి లెక్క?

ఈ మధ్య ఇంకోవైపు నుంచి కూడా దెబ్బ తగిలింది. నీనా స్ట్రోమింగర్, షాన్ నికొల్స్ 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. మెదడు క్షీణించే జబ్బులున్న రోగుల కుటుంబసభ్యుల్ని 'ఈ మనిషి ఇప్పటికీ ఆ మనిషేనా?' అని అడిగారు. జ్ఞాపకాలు పోయినవారి గురించి 'ఆయనే, పాపం మరిచిపోతున్నారు' అన్న ధోరణే ఎక్కువ. దయ, నిజాయితీ, సానుభూతి లాంటి గుణాలు చెదిరినప్పుడే 'ఈయన ఆయన కాదు' అనిపించింది. తాళాలెక్కడ పెట్టాడో, పెళ్లెప్పుడైందో మరిచిపోతే మనిషి పోయినట్టు అనిపించడం లేదన్నమాట. మనుషుల్ని మనం గుర్తుపట్టేది ఎక్కువగా వాళ్ల నైతిక స్వభావాన్నిబట్టి.

స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ గురించి ఒక్క నిమిషం. 1739లో, లోపలికి తొంగిచూస్తే నాకు వేడో చలో, ప్రేమో ద్వేషమో తగులుతున్నాయి గాని 'నేను' ఎక్కడా దొరకలేదన్నాడు. మరుసటి ఏడాదే అనుబంధం రాసి, ఈ విషయంలో తనకే దారి తోచడం లేదని ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. ఆయన చెప్పినవాటిలో ఉపాధ్యాయులకు పనికొచ్చేది ఇంకోటుంది. పనులు క్షణంలో జరిగి పోయేవి. మనిషిలో నిలిచి ఉండే స్వభావం నుంచి అవి వచ్చినప్పుడే అతణ్ణి తప్పుపట్టగలం. పశ్చాత్తాపపడి నడవడి దిద్దుకుంటే నేరం చెరిగిపోతుందనడానికి కారణం కూడా అదే.

సరే, తరగతి గదిలోకి వద్దాం.

పిల్లలకు నీతి నేర్పేటప్పుడు మనం రోజూ వాళ్లకొక 'నేను'ను అంటగడుతుంటాం. 'నువ్వు మంచి పిల్లవి', 'వీడు మహా దొంగ', 'మా అమ్మాయి అబద్ధం ఆడదండీ.' దీని వెనక ఒక సిద్ధాంతం దాగి ఉంది. పిల్లవాడి లోపల మంచో చెడో ఏదో ఒక ముద్ద తయారుగా ఉందని, మనం దాన్ని చూసి పేరు చెబుతున్నామని. 1920ల్లో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పదివేలమందికి పైగా పిల్లల మీద పరిశోధన చేశారు. పరీక్షల్లో, ఆటల్లో, ఇంటిపనిలో మోసం చేసే అవకాశం ఇచ్చి చూశారు. 1928లో మొదటి సంపుటం వచ్చింది. 'నిజాయితీపరులు', 'మోసగాళ్లు' అని పిల్లల్ని రెండు గుంపులు చేద్దామంటే కుదరలేదు. ఒకచోట మోసం చేసినవాడు ఇంకోచోట చెయ్యలేదు. పరీక్షలో ముత్యంలా ఉన్నవాడు ఆటలో లెక్క మార్చాడు. ఆ తర్వాత వచ్చినవారు ఆ అంకెల్ని మళ్లీ తిరగేసి, స్వభావం అసలే లేదనడం కూడా తొందరపాటే అన్నారు. అదీ నిజమే. కానీ వాళ్లు చూపించిన స్వభావం కూడా పిల్లవాడి నుదుటిమీద ముద్ర వెయ్యడానికి సరిపోయేంత గట్టిది కాదు.

'చెడ్డముద్ర వెయ్యం, మంచిముద్రే వేస్తాం' అంటారా? అదీ పరిశీలించారు. 2014లో ఒక బృందం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో ప్రయోగం చేసింది. కొందరితో 'సాయం చెయ్యడం' గురించి మాట్లాడారు, కొందరితో 'సాయం చేసేవాళ్లుగా ఉండటం' గురించి మాట్లాడారు. రెండో జట్టువాళ్లు ఎక్కువ సాయం చేశారు. పత్రికలు చప్పట్లు కొట్టాయి, తల్లిదండ్రులకు సలహాలు వెల్లువెత్తాయి. కొన్నేళ్లకు మరో బృందం అడగాల్సిన ప్రశ్న అడిగింది. సాయం చేయబోయి పిల్లవాడు పొరపాటు చేస్తే? అలాంటి సందర్భం కల్పించి చూస్తే తిరగబడింది. 'సాయం చేసేవాడివి' అనిపించుకున్న పిల్లలే ఎక్కువ డీలాపడ్డారు, తమ సామర్థ్యం మీద, ఆ పని మీద వాళ్లకే ఎక్కువ మనసు విరిగింది. ఎందుకంటే పని చెడినప్పుడు వాళ్ల దగ్గర చెడింది పనొక్కటే కాదు.

అందుకని నా మాట ఇది. పిల్లవాడికి 'నువ్వెవరివో' చెప్పే పని మనం పెట్టుకోకూడదు. వాడు చేసిందేమిటో వాడి నోటితో వాడే చెప్పగలిగేలా చెయ్యాలి. 'నేనే చేశాను' అన్న మాట నుంచి, 'నేను చేస్తాను' అన్న మాట నుంచి వాడి 'నేను' తయారవుతుంది. ఆ రెండు మాటలకూ ముందు, లోపలెక్కడో పూర్తిగా తయారై కూర్చుని లేదు. నాగసేనుడు లెక్క కొట్టెయ్యకపోవడంలోనూ, లాక్ చెప్పిన సొంతం చేసుకోవడంలోనూ నాకు కనిపించింది ఇదే.

ఇందుకు ఇద్దరు కుర్రవాళ్లను సాక్ష్యానికి పిలుస్తాను. ఇద్దరికీ ఇంచుమించు ఒకే వయసు. ఇద్దరూ దొంగతనం చేశారు. పెద్దయ్యాక ఇద్దరూ తమ కథ తామే రాసుకున్నారు.

మొదటివాడు, తర్వాత తత్వవేత్తగా పేరుపొందిన జాన్ జాక్ రూసో. 1728, ట్యూరిన్ నగరం, పదహారేళ్లవాడు. ఒక సంపన్నురాలి ఇంట్లో నౌకరు. ఆమె చనిపోయింది, సామాను లెక్కచూస్తున్నారు. గులాబీ, వెండి రంగుల పాత రిబ్బను ఒకటి కనిపించలేదు. అది ఇతని దగ్గర దొరికింది. ఎక్కడిదన్నారు. తడబడ్డాడు, గుటకలు మింగాడు, మారియాన్ ఇచ్చిందన్నాడు. మారియాన్ అదే ఇంట్లో వంటమనిషి, నెమ్మదస్తురాలు. అందరిముందూ ఇద్దర్నీ నిలబెట్టారు. ఆమె ఏడ్చింది, నువ్వు ఇలాంటివాడివనుకోలేదంది. ఇతను మాట మార్చలేదు. ఇద్దర్నీ పనిలోంచి తీసేశారు. ఆమె ఏమైపోయిందో ఆయనకు మళ్లీ తెలియలేదు. ఆ సంగతి ఆయన్ని జీవితాంతం వెంటాడింది. ఆత్మకథ రాయాలన్న నిర్ణయంలో ఈ బరువు దించుకోవాలన్న కోరిక పాత్ర చాలా ఉందని ఆయనే రాశాడు.

అప్పుడెందుకు ఒప్పుకోలేదో కూడా రాశాడు. శిక్షకు భయపడలేదట. సిగ్గుకు భయపడ్డాడు, చావుకన్నా ఎక్కువగా. ఆ ఇంటి పెద్దమనిషి తనను పక్కకు పిలిచి, 'ఆ అమ్మాయిని నాశనం చెయ్యకు, తప్పు నీదైతే నాతో చెప్పు' అని ఉంటే అక్కడికక్కడే కాళ్లమీద పడిపోయేవాణ్ణన్నాడు. ధైర్యం చెప్పాల్సినచోట అందరూ బెదిరించారు. ఇదంతా తన్ను తాను సమర్థించుకోవడం కాదా అంటే, కొంత అవును. రూసో అలాంటివాడే. పిల్లల పెంపకం మీద 1762లో గొప్ప గ్రంథం రాసి, తనకు పుట్టిన అయిదుగురినీ అనాథాశ్రమానికి పంపినవాడు. ఆయన్ని నమ్మేటప్పుడు ఒక కన్ను తెరిచే ఉంచాలి. అయినా ఆ గదిలో ఏం జరిగిందో ఆయన చెప్పిన తీరు మాత్రం నమ్మదగినదే. నలుగురు చూస్తుండగా అడిగినప్పుడు ఆ కుర్రవాడి ముందున్న ప్రశ్న 'ఏం చేశావు?' అన్నది కాదు. 'నువ్వు దొంగవా?' అన్నది. ఆ ప్రశ్నకు ఎవడూ అవునని చెప్పడు.

రెండో కుర్రవాడు మోహన్‌దాస్ గాంధీ. పదిహేనేళ్లు. అన్నకు పాతిక రూపాయల అప్పుంది. అన్న చేతికున్న బంగారు కడియంలోంచి చిన్న ముక్క తీసి అమ్మి అప్పు తీర్చారు. అప్పు తీరింది గాని కుర్రవాడికి ఊపిరాడలేదు. తండ్రితో చెప్పాలి, నోరు రాదు. కొడతాడని కాదు, తండ్రి తలబాదుకుని బాధపడతాడని. చివరికి చీటీ రాశాడు. చేసినదంతా ఒప్పుకున్నాడు, శిక్ష వెయ్యమన్నాడు, నా తప్పుకు మిమ్మల్ని మీరు హింసించుకోవద్దని వేడుకున్నాడు, ఇకమీదట దొంగతనం చెయ్యనని మాటిచ్చాడు. జబ్బుతో చెక్కబల్ల మీద పడుకున్న తండ్రికి వణుకుతూ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తండ్రి లేచి కూర్చుని చదివాడు. కన్నీళ్లు కాగితం మీద పడ్డాయి. కాసేపు కళ్లు మూసుకుని, చీటీ చింపేసి మళ్లీ పడుకున్నాడు.

ఈ కథ పిల్లలకు చెప్పేటప్పుడు కన్నీళ్ల దగ్గర ఆపేస్తాం. నాకు ఆ చీటీలోని విషయాల వరసే ముఖ్యం. చేసిన పని, అడిగిన శిక్ష, ఎదుటివాడి బాధ గురించిన చింత, రేపటికి ఇచ్చిన మాట. 'నేను పాపిని, నేను దుర్మార్గుణ్ణి' అన్న వర్ణనలతో దానికి పనిలేదు. ఇంకో సంగతి, అర్హత ఉన్నవాడి ముందు చెప్పాలంటాడు గాంధీ. వినే హక్కున్నవాడి ఎదుట దాచకుండా ఒప్పుకుని, మళ్లీ చెయ్యనని మాటివ్వడమే నిజమైన పశ్చాత్తాపమని ఆయన తేల్చిన మాట. వినేవాడు సరైనవాడు కాకపోతే ఒప్పుకోలు తమాషా అయిపోతుంది. ప్రార్థన సమావేశంలో పిల్లవాణ్ణి నిలబెట్టి 'క్షమించండి' అనిపించే బడులున్నాయి. అక్కడ పిల్లవాడు నేర్చుకునేది గుంపు ముందు నటించడం ఎలాగో.

లాక్ ఈ సంగతి ఎప్పుడో చెప్పాడు. 1693లో పిల్లల చదువు మీద రాస్తూ, మందలింపు ఒంటరిగా, శాంతంగా ఉండాలన్నాడు. మెచ్చుకోలు మాత్రం నలుగురిలో చెయ్యమన్నాడు. మొదటి సగం నాకు పూర్తిగా సమ్మతం. రెండో సగం దగ్గర కొంచెం ఆగుతాను, దానికి మళ్లీ వస్తాను.

'చేస్తాను' అన్న రెండో మాట చూద్దాం. పాల్ రికర్ అనే ఫ్రెంచి తత్వవేత్త 1990లో ఒక తేడా చూపించాడు. నా వేలిముద్రలూ నా అలవాట్లూ నిలిచి ఉన్నట్టు నేను నిలిచి ఉండటం ఒక రకం. ఇచ్చిన మాట మీద నిలబడటం ఇంకో రకం. కోరికలు మారినా, మనసు మారినా 'అన్నాను గనక చేస్తాను' అంటే, ఆ నిలకడ లోపలి ఏ పదార్థం నుంచీ రాలేదు, నేను నిలుపుకున్నాను గనక ఉంది. చట్టం కూడా ఈ దారికే వచ్చింది. కెనడాలో ఒకప్పుడు కోర్టుకొచ్చిన పిల్లల్ని 'నిజం అంటే ఏమిటి? అబద్ధమంటే ఏమిటి?' అని ప్రశ్నించి, అర్థమైందని తేలాకే సాక్ష్యం తీసుకునేవారు. అర్థాలు అప్పజెప్పగలిగిన పిల్లలు నిజం ఎక్కువ చెబుతారనడానికి ఆధారం దొరకలేదు. 'నిజమే చెబుతాను' అని మాటిచ్చిన పిల్లలు మాత్రం ఎక్కువగా నిజం చెబుతున్నారని పరిశోధనల్లో కనబడింది. 2006 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలు మాటిస్తే చాలు, నిర్వచనాల పరీక్ష లేదు. నీతి పాఠాల పరీక్షపత్రాలు తయారుచేసే మిత్రులు ఎవరైనా ఇక్కడుంటే ఈ సంగతి కొంచెం ఆలోచించాలి.

ఇంతవరకూ ఒంటరి 'నేను' గురించే చెప్పాను. పిల్లల నైతిక ఎదుగుదలను పరిశీలించిన మనస్తత్వవేత్త లారెన్స్ కోల్బర్గ్ పేరు మీరంతా శిక్షణలో చదివే ఉంటారు. చావుబతుకుల్లో ఉన్న భార్య కోసం ఔషధం దొంగిలించాలా వద్దా అన్న చిక్కు, నైతిక ఆలోచన ఎదిగే ఆరు దశలు. ఆ దశల మీద చాలా విమర్శ వచ్చింది. 1982లో కెరల్ గిలిగన్ అనే మనస్తత్వవేత్త, మిగతావాళ్లనుంచి విడివడి నిలబడ్డ 'నేను'నే పరిణతి అనుకున్నారని నిలదీసింది. సరైన నిలదీతే. అయితే కోల్బర్గ్ 1974లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక చిన్న బడితో కలిసి చేసిన పని గురించి మన శిక్షణ పుస్తకాలు అంతగా చెప్పవు. అక్కడ నియమాలన్నీ వారం వారం సభలో పిల్లలూ టీచర్లూ కలిసి ఓటేసి చేసుకునేవారు. ఒకసారి ఒకరి డబ్బు పోయింది. తీసినవాడు దొరకలేదు. వాదనలు జరిగాయి. పోగొట్టుకున్నది ఆమె అజాగ్రత్త అని కొందరు, దొంగను పట్టుకోవాలని కొందరు. చివరికి ఇది మన బడిలో జరిగింది గనక నష్టం మనందరిదీ అని, తలా కొంత వేసి ఆ డబ్బు తిరిగిచ్చారు. 'మేం తియ్యలేదు' అని చేతులు దులుపుకునే హక్కు ప్రతివాడికీ ఉంది. ఆ హక్కును వదులుకున్నారు. 'నేనే చేశాను' అనడంకన్నా 'ఇది మా మధ్య జరిగింది' అనడం కష్టం. తరగతిలో ఒకణ్ణి ఏడిపిస్తుంటే చూస్తూ కూర్చున్న పాతికమందికి నేర్పాల్సింది ఈ రెండో మాటే.

ఇందాక లాక్ రెండో సగం దగ్గర ఆగాను. నలుగురిలో మెచ్చుకోవడం. నా అనుమానం ఏమిటంటే, మంచితనం నేర్పబోయి మనం పిల్లవాడికి తన మంచితనాన్ని చూసుకునే అద్దం ఇస్తున్నాం. ఐరిస్ మర్డోక్ అనే తత్వవేత్త 1970లో ప్రచురించిన వ్యాసాల్లో ఒక అత్తాకోడళ్ల ఉదాహరణ ఇచ్చింది. నవ్వకండి, ఆవిడ ఇంగ్లండులోనే రాసింది, అత్తాకోడళ్లు అక్కడా ఉంటారు. ఈ అత్తగారికి కోడలంటే చులకన. మోటు మనిషి, మర్యాద తెలీదు, గలగలా వాగుతుంది, చిన్నపిల్ల చేష్టలు. కానీ అత్తగారు మహా సంస్కారి. పైకి ఒక్క మాట తూలలేదు, ఒక్క పనిలో తేడా చూపించలేదు. మనమైతే నూటికి నూరు మార్కులు వేసేస్తాం. ఒకరోజు ఆవిడే అనుకుంటుంది: 'నేను పాతకాలపుదాన్ని. నాకు అసూయ కూడా ఉందేమో. ఇంకోసారి చూద్దాం.' చూసింది. మోటు అనుకున్నది నిష్కపటంగా కనబడింది. వాగుడు అనుకున్నది హుషారుగా కనబడింది. బయట ఏదీ మారలేదు. మర్డోక్ ఆ కోడల్ని దూరదేశానికో చావుకో పంపేసింది కూడా, అత్తగారి ప్రవర్తనలో మార్పు కనబడే అవకాశమే లేకుండా.

మరి ఇక్కడ జరిగిన నైతికమైన పని ఏమిటి? అత్తగారు తన గురించి ఒక్క వాక్యం నిజం చెప్పుకుంది, వెంటనే చూపు తన మీదనుంచి కోడలి మీదికి తిప్పింది. ఎక్కువసేపు తన తప్పు దగ్గరే కూర్చుని ఉంటే కోడలు కనబడేది కాదు. ఆత్మపరిశీలన పేరుతో పిల్లలచేత రోజూ డైరీలు రాయించి, 'ఇవాళ నేను ఎంత మంచిగా ఉన్నాను' అని పదికి మార్కులు వేయించే పద్ధతి మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. 'ఇవాళ నీ పక్కన కూర్చున్నవాడు ఎందుకు మాట్లాడలేదు?' అని రాయించండి. తన గురించి రాయడంకన్నా అది కష్టం, పిల్లలు మొదట్లో ఒక్క వాక్యం దాటరు.

ఎనిమిదో శతాబ్దంలో శాంతిదేవుడనే బౌద్ధ భిక్షువు అడిగిన ప్రశ్న ఒకటి చెప్పి ఆపుతాను. ఎదుటివాడి నొప్పి నాకు తెలియదు గనక నాకేం పట్టింది అంటావా? రేపటి నీ నొప్పి కూడా ఇవాళ నీకు తెలియదు, మరి దానికెందుకు జాగ్రత్తపడుతున్నావు? కాలి నొప్పి చేతికి లేదు, మరి ముల్లు తియ్యడానికి చెయ్యి ఎందుకు వంగుతోంది? 'నేను' అన్న గీత ఎక్కడ గీశామో అక్కడే గట్టిగా ఉంటుందనుకోవద్దంటున్నాడు. ఈ ప్రశ్నను తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. గంట చాలదు.

ప్రశ్న: సార్, మీరు సిగ్గు వద్దంటున్నారు. సిగ్గు లేకపోతే పిల్లలు దారికి వస్తారా?

సిగ్గు వద్దనలేదు, సిగ్గును మనం పనిముట్టుగా వాడొద్దంటున్నాను. జూన్ టాంగ్నీ అనే మనస్తత్వవేత్త ఈ విషయం మీద చాలాకాలం పనిచేసింది. 'నేను చెడ్డపని చేశాను' అనిపించడం ఒకటి, 'నేనే చెడ్డవాణ్ణి' అనిపించడం ఇంకొకటి. మొదటిది ఎక్కువగా ఉన్నవాళ్లు చెడినదాన్ని బాగుచెయ్యడానికి చూస్తారు. రెండోది ఎక్కువగా ఉన్నవాళ్లు దాక్కుంటారు, లేదా కోపంతో ఇంకొకరిమీదకు తోస్తారు. రూసో మారియాన్ పేరు చెప్పినట్టు. కథల విషయంలో కూడా ఇదే. 2014లో కెనడా పరిశోధకులు మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు రకరకాల కథలు చదివి వినిపించి, ఆ తర్వాత వాళ్లు నిజం చెబుతారో లేదో చూశారు. అబద్ధాలాడి తోడేలు పాలైన కుర్రవాడి కథ, ముక్కు పెరిగిన కొయ్యబొమ్మ కథ, ఈ రెండూ పనిచెయ్యలేదు. చెట్టు నరికానని చిన్న వాషింగ్టన్ ఒప్పుకుంటే తండ్రి సంతోషించిన కథ పనిచేసింది. ఆ కథ నిజంగా జరిగింది కాదు, ఎవరో కల్పించింది. నిజం చెప్పమనడానికి కల్పిత కథ పనికొచ్చిందంటే నవ్వొస్తుంది గాని, పనికొచ్చింది. అదే కథను అబద్ధమాడి చెడినట్టుగా మార్చి చెబితే ఆ ప్రభావం పోయింది.

ప్రశ్న: మా దగ్గర మూడు, నాలుగేళ్ల పిల్లలు. వాళ్లకు నిన్న చేసిందే గుర్తుండదు. 'నేనే చేశాను' అని ఎలా అనిపిస్తాం?

అనిపించకండి, ఆ వయసులో ఒప్పుకోలు వద్దు. మాటలు చాలు. రాబిన్ ఫైవుష్ వంటి పరిశోధకులు చూసింది ఏమిటంటే, జరిగినదాని గురించి పెద్దవాళ్లు పిల్లలతో వివరంగా ముచ్చటిస్తుంటే, పిల్లలు తమ గతాన్ని తామే నిండుగా చెప్పుకోగలుగుతారు. 'నిన్న ఎక్కడికెళ్లాం? అక్కడ ఎవరున్నారు? వాళ్లెందుకు ఏడ్చారు? అప్పుడు నువ్వేం చేశావు?' జవాబు రాకపోతే మీరే కొంచెం అందించండి, మళ్లీ అడగండి. నిన్నటివాడూ ఇవాళ్టివాడూ ఒకడేనన్న సంగతి పిల్లవాడికి పుట్టుకతో రాలేదు, ఇలాంటి ముచ్చట్లలో అలవడుతుంది. ఒక్కటే జాగ్రత్త, దాన్ని రోజువారీ విచారణగా మార్చకండి. వాడు చేసిన మంచిపని, వాణ్ణి ఎవరో తోసేసిన సంగతి, వాడు చూసిన పురుగు, అన్నీ రానివ్వండి. పక్కవాడి బొమ్మ లాక్కున్న ముచ్చట అయిదోదిగా వచ్చినా ఫర్వాలేదు.